మెనూ ఎక్కడ ముడుచుకోవాలి? – నా అనుభవం

ఒక గ్రంథాలయం వెబ్‌సైట్‌కు కొత్త మెనూ కట్టే పని నా చేతికి వచ్చింది. పాత సైట్ కంప్యూటర్‌లో చక్కగానే కనిపించేది. పైన ఒక పట్టీ, దాని మీద వరసగా 11 లింకులు. అదే పేజీని ఫోనులో తెరిస్తే మొత్తం కుంచించుకుపోయి, అక్షరాలు చీమల బారులా ఉండేవి. రెండు వేళ్లతో సాగదీసి, పక్కకు జరుపుకుంటూ పోతే తప్ప ‘పనివేళలు’ అన్న లింకు దొరికేది కాదు. సైట్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వెతికేది సరిగ్గా ఆ లింకునే అని అక్కడి సిబ్బంది చెప్పారు.

పేజీ అలా కుంచించుకుపోవడానికి కారణం దాని తలభాగంలో ఒక్క పంక్తి లేకపోవడం. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి వెబ్‌సైట్లు దాదాపు అన్నీ కంప్యూటర్ తెరల కోసం కట్టినవే. వాటిని చిన్న తెరలో చూపడానికి ఆ ఫోనులోని సఫారీ బ్రౌజర్ ఒక ఉపాయం పన్నింది. తన వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని పేజీని పరిచి, ఆ తర్వాత దాన్ని తెరకు సరిపడేలా కుదిస్తుంది. మిగతా ఫోను బ్రౌజర్లూ అదే దారి పట్టాయి. ఈ పేజీకి ఆ ఉపాయం అక్కర్లేదని, తెర అసలు వెడల్పునే తీసుకోమని బ్రౌజర్‌కు చెప్పేది వ్యూపోర్ట్ మెటా ట్యాగు. అందులో విడ్త్‌కు డివైస్-విడ్త్ అని, ఇనిషియల్-స్కేల్‌కు 1 అని రాస్తే చాలు. అక్కడితో ఆగాలి. వేళ్లతో పేజీని పెద్దది చేసుకునే వీలును అడ్డుకునే మాటలు కూడా కొందరు ఆ ట్యాగులోనే చేరుస్తారు. చూపు సరిగా ఆననివాళ్లకు ఆ వీలే ఆధారం. దాన్ని తీసేసే హక్కు పేజీ కట్టేవాళ్లకు లేదు.

కోడ్ తెరవడానికి ముందు కాగితం మీద మెనూ రాసుకున్నాను. 11 లింకుల్లో కొన్ని ఒకే చోటికి తీసుకెళ్తున్నాయి, కొన్నింటిని ఎవరూ నొక్కడం లేదు. సిబ్బందితో కూర్చుని ఒక్కొక్కటే ఎందుకు ఉందో అడుగుతూ పోతే చివరికి ఆరు మిగిలాయి: పుస్తకాల జాబితా, సభ్యత్వం, పనివేళలు, కార్యక్రమాలు, పిల్లల విభాగం, సంప్రదించండి. సభ్యత్వం కింద మాత్రం మూడు ఉపవిభాగాలు. మెనూ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన గంట ఇదే. ఆ తర్వాత వచ్చే ప్రతి చిక్కూ లింకుల సంఖ్యతో పాటే పెరుగుతుంది.

మొదట పేజీలో ఏమేమి ఉన్నాయో చెప్పే హెచ్‌టీఎంఎల్ మాత్రమే రాసి, రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్ జోలికి పోకుండా బ్రౌజర్‌లో తెరిచాను. ఇది మెనూ అని చెప్పే నావ్ ట్యాగు, దాని లోపల ఒక యూఎల్ జాబితా, జాబితాలో ఒక్కో అంశానికి వాడే ఎల్‌ఐలో ఒక్కో లింకు. అలంకారం ఏమీ లేని ఆ పేజీ ఏ తెర మీదైనా పనిచేస్తుంది. లింకులు ఒకదాని కింద ఒకటి నిలబడతాయి, అక్షరాలు చదవగలిగే పరిమాణంలో ఉంటాయి, పక్కకు జరపాల్సిన అవసరమే రాదు. వెబ్ పేజీకి ఇది పుట్టుకతో వచ్చిన గుణం. మనం వెడల్పులను పిక్సెళ్లలో బిగించినప్పుడే అది పోతుంది. 2010 మే నెలలో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ ‘ఎ లిస్ట్ అపార్ట్’ పత్రికలో రాసిన వ్యాసంతో, ఏ తెరకైనా సర్దుకునే పేజీలు కట్టడానికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అన్న పేరు వాడుకలోకి వచ్చింది. సాగే గళ్లు, సాగే బొమ్మలు, తెర వెడల్పును బట్టి రూపం మార్చే మీడియా క్వెరీలు అని ఆయన చెప్పిన మూడు అంశాలూ ఆ గుణాన్ని కాపాడుకునే పద్ధతులే.

జాబితా ట్యాగులు వాడటానికి ఇంకో కారణం ఉంది. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఈ మెనూ దగ్గరికి రాగానే ఇది నావిగేషన్ అని, ఇందులో ఇన్ని అంశాలున్న జాబితా ఉందని చెబుతుంది. తమకంటూ అర్థం లేని వట్టి డివ్ ట్యాగులతో కడితే ఆ సమాచారం ఏదీ వినిపించదు. ఇప్పుడు తెరిచి ఉన్న పేజీ ఏదో తెలియడానికి ఆ లింకుకు ఆరియా-కరెంట్ అనే గుర్తు, దాని విలువగా పేజ్ అని పెట్టాను. అదే గుర్తును పట్టుకుని సీఎస్‌ఎస్‌లో ఆ లింకు కింద గీత గీశాను. కంటికీ చెవికీ ఒకే మూలం నుంచి సమాచారం అందుతుంది.

పెద్ద తెర కోసం జాబితాకు అంశాలను అడ్డంగా పేర్చే ఫ్లెక్స్ ఇచ్చి, లింకుల మధ్య ఖాళీకి గ్యాప్ వాడాను. ఇక అసలు ప్రశ్న: ఏ వెడల్పు దగ్గర ఈ వరస ముడుచుకుని బటన్ వెనక్కి వెళ్లాలి? చాలా పాఠాల్లో 768 పిక్సెళ్లు అని కళ్లు మూసుకుని రాసేస్తారు. అది ఒకప్పటి ఐప్యాడ్‌ను నిలువుగా పట్టుకుంటే ఉండే వెడల్పు. నా మెనూలోని మాటలకూ ఆ సంఖ్యకూ ఏ సంబంధమూ లేదు. ఫోన్ల కొలతల పట్టిక ముందు పెట్టుకుని మెనూ కట్టడం నాకు మొదటి నుంచీ నచ్చని పద్ధతి. ఏటా కొత్త కొలతలు వస్తూనే ఉంటాయి, మడతపెట్టే ఫోన్లు వచ్చాక ఒకే పరికరానికి రెండు వెడల్పులు.

అందుకని బ్రౌజర్ కిటికీని పూర్తిగా వెడల్పు చేసి, అంచు పట్టుకుని నెమ్మదిగా లోపలికి జరుపుతూ వచ్చాను. చివరి లింకు రెండో వరసలోకి జారే చోటే ఈ మెనూకు సరైన బ్రేక్‌పాయింట్, అంటే రూపం మారాల్సిన వెడల్పు. ఈ సైట్ రెండు భాషల్లో ఉంది. ఇంగ్లీషు లింకులు దాదాపు 690 పిక్సెళ్ల దాకా ఒకే వరసలో నిలిచాయి. తెలుగు లింకులు 830 దగ్గరే కిందికి జారాయి. భాషకొక బ్రేక్‌పాయింట్ పెట్టవచ్చు, సీఎస్‌ఎస్‌లో లాంగ్ అనే సెలెక్టర్ అందుకు ఉపయోగపడుతుంది. కానీ సైట్‌ను తర్వాత చూసుకునేవాళ్లు రెండు సంఖ్యలను గుర్తుపెట్టుకోవాలి. ఎక్కువ చోటు అడిగే తెలుగుకు సరిపోయే కొలతనే రెండిటికీ ఖాయం చేశాను.

ఆ కొలతను పిక్సెళ్లలో కాకుండా అక్షర పరిమాణాన్ని బట్టి మారే ఎమ్ ప్రమాణంలో రాశాను: 52 ఎమ్. మామూలుగా బ్రౌజర్‌లో అక్షర పరిమాణం 16 పిక్సెళ్లు ఉంటుంది కాబట్టి అది 832 పిక్సెళ్లకు సమానం. ఎవరైనా తమ బ్రౌజర్ సెట్టింగుల్లో అక్షరాలను 24 పిక్సెళ్లకు పెంచుకుంటే అదే 52 ఎమ్ 1248 పిక్సెళ్లు అవుతుంది. మాటలు పెద్దవైన కొద్దీ మెనూ ముందుగానే ముడుచుకుంటుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కదు. పిక్సెళ్లలో రాసి ఉంటే పెద్ద అక్షరాలు వాడేవాళ్లకు మాత్రమే పట్టీ చిందరవందర అయ్యేది, కట్టినవాళ్లకు ఆ సంగతి తెలిసేది కూడా కాదు.

తెలుగు అక్షరాల విషయంలో మరో సంగతి తేలింది. పట్టీకి 40 పిక్సెళ్ల ఎత్తు బిగించి, పంక్తి ఎత్తు 1.2 పెట్టి, పొంగినదాన్ని దాచే ఓవర్‌ఫ్లో హిడెన్‌తో ఉన్న పాత సీఎస్‌ఎస్‌ను కొత్త జాబితా మీద వేసి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు హాయిగా ఇమిడాయి. ‘సభ్యత్వం’లో భ కింది య-వత్తు, త కింది వ-వత్తు మాత్రం అడుగు తెగిపోయి కనిపించాయి. ‘కార్యక్రమాలు’లోనూ అంతే. తెలుగు అక్షరం పైకి గుడులతో, కిందికి వత్తులతో నిలువునా పెరుగుతుంది. ఎత్తును బిగించడం పూర్తిగా మానేసి, పంక్తి ఎత్తును 1.6కు పెంచి, లింకు పైనా కిందా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇచ్చాను. పట్టీ ఎత్తు ఎంత ఉండాలో ఆ తర్వాత అక్షరాలే తేల్చుకున్నాయి. మాటలను నాజూకుగా చూపించడానికి పాత సైట్‌లో అక్షరాల మధ్య కొంత దూరం పెంచారు. తెలుగులో ఆ దూరం మాటను విడగొట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి అదీ తీసేశాను.

తర్వాత, ముడుచుకున్న మెనూను తెరిచే బటన్. దాని మీద వాడే మూడు అడ్డగీతల గుర్తు ఫోన్లతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. దాన్ని గీసినది నార్మ్ కాక్స్, 1981లో వచ్చిన జెరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం. గుర్తు పాతదే అయినా దాన్ని చూసి ఏమిటో పోల్చుకోలేనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గ్రంథాలయానికి అన్ని వయసులవాళ్లూ వస్తారు. గీతల పక్కన ‘మెనూ’ అన్న మాట కూడా పెట్టాను. రెండక్షరాలకు చోటు లేని తెర ఏదీ లేదు.

ఆ బటన్ నిజమైన బటన్ ట్యాగే కావాలి. డివ్‌కు క్లిక్ తగిలించినా మౌస్‌తో పనిచేస్తుంది, నిజమే. కానీ కీబోర్డ్ మీద ట్యాబ్ కీ నొక్కుతూ వచ్చేవాళ్లకు డివ్ తగలనే తగలదు. ఎంటర్, స్పేస్ కీలకు స్పందించడం, ఫోకస్ (కీబోర్డ్ ఇప్పుడు దేని మీద ఉందో ఆ గుర్తింపు) అందుకోవడం, ఇది బటన్ అని స్క్రీన్ రీడర్‌కు చెప్పడం – బటన్ ట్యాగుతో ఇవన్నీ ఉచితంగా వస్తాయి. కనిపించని చెక్‌బాక్స్ పెట్టి జావాస్క్రిప్ట్ (నొక్కినప్పుడు పేజీని మార్చే కోడ్) లేకుండా మెనూ తెరిచే చిట్కా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. చూడటానికి తెలివైనదే. వినేవాళ్లకు మాత్రం మెనూకు బదులు ‘చెక్‌బాక్స్, టిక్ లేదు’ అని వినిపిస్తుంది. అందుకే దాన్ని పక్కన పెట్టాను.

జావాస్క్రిప్ట్ చేసే పని చాలా చిన్నది. నొక్కినప్పుడల్లా బటన్ మీద ఉన్న ఆరియా-ఎక్స్‌పాండెడ్ (తెరిచి ఉందా అన్న గుర్తు) విలువను ఫాల్స్ నుంచి ట్రూకు, ట్రూ నుంచి ఫాల్స్‌కు మారుస్తుంది. విలువ ఫాల్స్ అయితే పక్కనున్న జాబితాను దాచమని సీఎస్‌ఎస్‌లో రాశాను. తెరిచి ఉందా, మూసి ఉందా అన్న సంగతి ఒకే చోట ఉంటుంది కాబట్టి కంటికి కనిపించేదీ స్క్రీన్ రీడర్ చెప్పేదీ ఎప్పుడూ వేరు కావు. ఆ నియమాన్ని 52 ఎమ్ కంటే తక్కువ వెడల్పుకే పరిమితం చేశాను. దానివల్ల ఫోనులో మెనూ మూసి ఉండగా అడ్డంగా తిప్పి తెర ఆ వెడల్పు దాటినా వరస మొత్తం మామూలుగా కనిపిస్తుంది. బటన్ మీది మాటను మాత్రం ‘మెనూ’ నుంచి ‘మూసేయండి’కి మార్చలేదు. మాటా మారి, స్థితీ మారితే ‘మూసేయండి, తెరిచి ఉంది’ అని వినిపించి వినేవాళ్లను తికమక పెడుతుంది.

జావాస్క్రిప్ట్ అందకపోతే? నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నప్పుడు పేజీ వచ్చి స్క్రిప్ట్ రాని క్షణాలు ఉంటాయి, కొన్నిసార్లు అసలు రాదు. అందుకని హెచ్‌టీఎంఎల్‌లో బటన్‌ను హిడెన్ గుర్తుతో దాచి, జాబితాను తెరిచే ఉంచాను. స్క్రిప్ట్ వచ్చాకే బటన్ బయటికి వచ్చి, జాబితా ముడుచుకుంటుంది. స్క్రిప్ట్ రాకపోతే పొడవైన జాబితా కనిపిస్తుంది, అంతే. లింకులన్నీ పనిచేస్తాయి.

మెనూ పక్క నుంచి జారుతూ రావాలని సిబ్బందిలో ఒకరు కోరారు. చేసి చూశాను. జాబితాను ట్రాన్స్‌ఫార్మ్‌తో తెర బయటికి నెట్టి, నొక్కగానే లోపలికి తేవడం. చూపుకు ముచ్చటగానే ఉంది. మెనూ మూసి ఉన్నప్పుడు ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్తే చిక్కు బయటపడింది. ఫోకస్ గీత బటన్ మీద ఉంది, మరోసారి నొక్కగానే మాయమైంది. ఇంకా నొక్కితే ఇంకా లేదు. అన్ని లింకులూ దాటాక పేజీ మధ్యలో ఎక్కడో తేలింది. తెర బయట ఉన్నా లింకులు పేజీలోనే ఉన్నాయి కాబట్టి ఫోకస్ వాటన్నిటినీ సందర్శించి వచ్చింది. మూసి ఉన్న లింకులను ఫోకస్‌కు అందకుండా చేసే విజిబిలిటీ హిడెన్ కానీ, ఇనర్ట్ గుర్తు కానీ చేరిస్తే ఇది సరిపోతుంది. కానీ ఆరు లింకుల జాబితాకు ఇంత సరంజామా ఎందుకని, బటన్ కిందే తెరుచుకునే మామూలు పద్ధతికి సిబ్బందిని ఒప్పించాను. కదలికలు వద్దని ఫోనులో పెట్టుకున్నవాళ్ల కోసం విడిగా ఏర్పాటు చేయాల్సిన పనీ తప్పింది.

ఉపమెనూ దగ్గర ఎక్కువ ఆలోచించాను. మౌస్ పైకి వెళ్లగానే తెరుచుకోవడం పాత అలవాటు. వేలికి ఆ ‘పైన ఉండటం’ అనే స్థితి లేదు. టచ్ తెరల మీద హోవర్ అనే ఈ స్థితి ఒక్కో చోట ఒక్కోలా ప్రవర్తిస్తుంది, కొన్నిసార్లు నొక్కాక కూడా అతుక్కుని ఉండిపోతుంది. మౌస్ ఉన్నవాళ్లకూ సుఖం లేదు. ఐమూలగా కిందికి జరిపితే దారిలో పట్టు జారి ఉపమెనూ మూసుకుపోతుంది, చేయి వణికేవాళ్లకు ఇది మరీ కష్టం. అందుకని ‘సభ్యత్వం’ను కూడా బటన్‌గానే చేసి, నొక్కితేనే తెరుచుకునేలా పెట్టాను. పెద్ద తెరలోనూ చిన్న తెరలోనూ ఒకటే తీరు. ఎస్కేప్ కీ నొక్కితే మూసుకుని, ఫోకస్ తిరిగి ఆ బటన్ మీదికే వస్తుంది. ఇక్కడ రోల్ అనే గుర్తుకు మెనూ అని విలువ ఇవ్వడం చాలా కోడ్‌లలో కనిపిస్తుంది. ఆ పేరు అప్లికేషన్లలో బాణం కీలతో నడిచే మెనూల కోసం ఉద్దేశించినది. వెబ్‌సైట్ లింకులకు దాన్ని తగిలిస్తే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు బాణం కీలు పనిచేస్తాయని ఆశిస్తారు, అవి పనిచేయవు. బటన్, జాబితా, లింకు – ఇవి చాలు.

అసలు ఫోను చేతిలోకి తీసుకున్నాక కొత్త విషయాలు తెలిశాయి. కిందికి స్క్రోల్ చేసినా పట్టీ పైనే నిలిచి ఉండేలా స్టికీ పెట్టాను. ఫోనును అడ్డంగా తిప్పి, ఉపమెనూతో సహా అన్నీ తెరిస్తే జాబితా తెర ఎత్తును మించిపోయింది. పేజీ జరిగింది కానీ పట్టీకి అతుక్కున్న జాబితా జరగలేదు. ‘సంప్రదించండి’ తెర కిందే ఉండిపోయింది. జాబితాకు గరిష్ఠ ఎత్తు ఇచ్చి, దాని లోపలే స్క్రోల్ అయ్యేలా చేస్తే సరిపోతుంది. ఆ ఎత్తును 100వీహెచ్ (తెర మొత్తం ఎత్తు) అని రాయకూడదు, ఫోనులో అడ్రస్ బార్ కనిపిస్తున్నప్పుడు ఆ కొలత కంటికి కనిపించే ఎత్తు కంటే ఎక్కువగా ఉంటుంది. అడ్రస్ బార్‌తో పాటు మారే డీవీహెచ్ ప్రమాణం 2022 నుంచి బ్రౌజర్లలోకి వచ్చింది. 100డీవీహెచ్ నుంచి పట్టీ ఎత్తు తీసేసి రాశాను.

లింకుల పరిమాణానికి ఒప్పుకున్న కొలతలు ఉన్నాయి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ అందరికీ అందేలా చేసే మార్గదర్శకాలు) ప్రకారం నొక్కే చోటు కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. అందులోనే పై స్థాయికి 44. యాపిల్ తన మార్గదర్శకాల్లో 44 పాయింట్లు అంటుంది, ఆండ్రాయిడ్ 48 అంటుంది. నేను 3 రెమ్ (పేజీ మూల అక్షర పరిమాణానికి మూడింతలు) ఇచ్చాను, మామూలు అక్షర పరిమాణంలో అది 48 అవుతుంది. లింకులోని మాట మీదే కాకుండా వరస మొత్తం మీద ఎక్కడ నొక్కినా తెరుచుకునేలా చేశాను.

చివరి పరీక్షల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది జూమ్. 1280 పిక్సెళ్ల కిటికీని 400 శాతానికి పెంచితే పేజీకి దక్కేది 320 పిక్సెళ్ల వెడల్పే. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 అడిగేదీ ఇదే: 320 దగ్గర కూడా పక్కకు జరపకుండా చదవగలగాలి. పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని, చూపు తక్కువై జూమ్ పెంచుకున్న మనిషికి వచ్చేది ఈ ముడుచుకున్న మెనూనే. దీన్ని మనం మొబైల్ మెనూ అంటున్నాం కానీ, ఫోను లేనివాళ్లూ కీబోర్డ్‌తో, మౌస్‌తో దీన్నే వాడతారు. ముడుచుకున్న మెనూకు కీబోర్డ్ పరీక్ష అక్కర్లేదని చాలామంది వదిలేసేది ఇక్కడే. ఫోకస్ చుట్టూ బ్రౌజర్ గీసే గీతను అందం కోసం చెరిపేసేవాళ్లు ఒకసారి 400 శాతంలో, మౌస్ ముట్టుకోకుండా తమ సైట్‌ను వాడి చూడాలి. నేను ఆ గీతను ఫోకస్-విజిబుల్‌తో ఇంకా లావు చేశాను.

గ్రంథాలయం సభ్యుల్లో చూపులేని ఒకాయనను పరీక్షించి చూడమని కోరాను. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ స్క్రీన్ రీడర్‌తో మెనూ తెరిచి, ఉపమెనూలోకి వెళ్లి, ‘నియమాలు’ పేజీ చేరుకున్నారు. “మెనూ బాగుందండీ, ఎన్ని ఉన్నాయో ముందే చెబుతోంది. కానీ నేను ఏ పేజీకి వెళ్లినా మళ్లీ ఈ లింకులన్నీ దాటుకుంటూనే రావాలా?” అని అడిగారు. పేజీలో అన్నిటికంటే ముందు ‘విషయానికి వెళ్లండి’ అనే లింకు చేర్చాను. మామూలుగా కనిపించదు, ట్యాబ్ కీ నొక్కగానే బయటికి వస్తుంది. మెనూను దాటడానికి దారి చూపడమూ మెనూ పనిలో భాగమేనని ఆయన ప్రశ్నతోనే తెలిసింది.

సైట్ నడుస్తుండగా సిబ్బంది ఏడో లింకు కావాలన్నారు: ‘డిజిటల్ పుస్తకాలు’. జాబితాలో ఒక ఎల్‌ఐ చేర్చి, కిటికీని మళ్లీ నెమ్మదిగా కుదించుకుంటూ వచ్చాను. ఈసారి వరస 950 పిక్సెళ్ల దగ్గరే కిందికి జారింది. 52 ఎమ్‌ను 60 చేశాను. ఫోను అడ్డంగా ఒకసారి, 400 శాతం జూమ్‌లో కీబోర్డ్‌తో ఒకసారి చూసి సైట్‌లో పెట్టాను. మిగతా కోడ్‌లో ఒక్క పంక్తి కూడా మారలేదు.